కింది అరలోని కార్డులు

2009లో నేను బయటివాళ్ళతో మాట్లాడానంటే అది ఫోన్ ఇంటర్వ్యూల్లోనే. కార్లకు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పదకొండేళ్ళు డేటాబేస్ పని చేశాను. ఒక శుక్రవారం పొద్దున్నే పిలిచి, ఒక అట్టపెట్టె చేతికిచ్చి, బ్యాడ్జీ తీసేసుకున్నారు. మా ఆయన ఉద్యోగం కూడా ఇవాళో రేపో అన్నట్టు ఉండేది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధిలోనే నాలుగిళ్ళ ముందు అమ్మకపు బోర్డులు వెలిశాయి. రోజుకు రెండు మూడు సార్లు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్ చేసి "మీ గురించి చెప్పండి" అనేవాడు. చెప్పిందే చెప్పి చెప్పి, ఆ చెప్పే మనిషి మీద నాకే నమ్మకం పోయింది. ఏడుపు వచ్చేది కాదు. పడుకుని లేచినా తీరని అలసట మాత్రం ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక స్నేహితురాలింట్లో వ్రతానికి వెళ్ళి, పేపర్ ప్లేటులో పులిహోర పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. ఎదురుగా ఒక డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. డెబ్బై అయిదు దాటిన మనిషి. డెబ్బైల మొదట్లో డెట్రాయిట్ వచ్చి, ఒక ఆసుపత్రిలో పెథాలజిస్టుగా ముప్ఫై ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చుని రిటైరయ్యారు. మావాళ్ళు ఆయన వెనక ఆయన్ని 'చైనా డాక్టరుగారు' అనేవాళ్ళు. ఆయన ప్లేటు పట్టుకుని ఒకవైపు వస్తే అక్కడి జనం ఇంకోవైపు జరిగేవాళ్ళు. నాకు జరిగే ఓపిక కూడా లేకపోయింది.

"నువ్వు డేటాబేస్‌లు చేస్తావటగా అమ్మా?"

"చేసేదాన్నండీ."

"ఇప్పుడు ఖాళీయేనా?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఖాళీయేనండీ అన్నాను.

"అయితే నా కార్డులు కంప్యూటర్‌లో ఎక్కించి పెడుదూ. నా కళ్ళు పోతున్నాయి. మాక్యులా పాడైంది. నిన్ను చూస్తే నీ చెవులు కనిపిస్తున్నాయి గానీ మొహం కనిపించట్లేదు."

ఆయన అంత మామూలుగా చెప్పేసరికి కాదనడానికి నోరు రాలేదు. మంగళవారం వస్తానన్నాను.

వాళ్ళ బేస్‌మెంట్లో, వాషింగ్ మెషీన్ పక్కన, పాత లైబ్రరీల్లో ఉండే కార్డుల బీరువా ఒకటి ఉంది. ఎక్కడో లైబ్రరీ మూసేస్తుంటే కొనుక్కొచ్చారట. చిన్న చిన్న అరలు, ఒక్కోదానికి ఇత్తడి పిడి. అర లాగితే నిండా తెల్ల కార్డులు, ఒక్కో కార్డు మీద నల్ల ఇంకుతో ఒకే ఒక్క అక్షరం. చూడగానే చైనీస్ అనుకున్నాను.

"కాదు. చైనీస్ వచ్చినవాళ్ళు కూడా ఇది చదవలేరు. ఇది జుర్చెన్," అన్నారు.

తర్వాత రెండు గంటలు నేను విన్నాను. నిజం చెప్పాలంటే సగమే విన్నాను. చైనాకు ఈశాన్యాన, అడవుల్లో వేటాడుకుంటూ, గుర్రాలు పెంచుకుంటూ బతికిన జనం జుర్చెన్‌లు. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం దండెత్తి వచ్చి ఉత్తర చైనాను పట్టుకున్నారు. తమ వంశానికి బంగారం అని పేరు పెట్టుకుని వందేళ్ళకు పైగా ఏలారు. మాట మాట్లాడితే చాలదు, రాత కూడా మనదే ఉండాలని సొంత లిపి చేసుకున్నారు. తర్వాత మంగోలులు వచ్చి రాజ్యాన్ని తుడిచిపెట్టారు. ఆ జనం వారసులే చాలా కాలానికి మంచూలన్న పేరుతో మళ్ళీ చైనాను ఏలారు, కానీ అప్పటికి ఈ రాత ఎవరికీ రాదు. మిగిలినవి కొన్ని శాసనాల రాళ్ళు, చైనా రాజుల అనువాదకుల కచేరీలో తయారైన ఒక పదాల పట్టిక, అక్కడా ఇక్కడా ముక్కలు.

"ఎవరూ చంపలేదమ్మా దీన్ని," అన్నారాయన. "లిపి పుట్టి మూడొందల ఏళ్ళు తిరిగేసరికి వాళ్ళ పెద్దలే చైనా రాజుకు కబురు పంపారు. మాలో ఈ అక్షరాలు చదవగలిగినవాడు లేడు, ఇకమీదట మాకు మంగోల్‌లో రాయండి అని. అలసిపోయారు, అంతే."

మా పిల్లలు నేను తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం, నేను దిద్దడం మానేసి చాలా రోజులు కావడం గుర్తొచ్చింది. ఆ మాట ఆయనతో అనలేదు.

తెలుగు డాక్టరుకు ఈ పిచ్చి ఎలా పట్టిందని మాత్రం అడిగాను. ఎప్పుడో ఒక పాత పుస్తకాల షాపులో, రాతిశాసనాల మీద కాగితం అద్ది తీసిన అచ్చుల పుస్తకం కనబడిందట. తెరిస్తే ఆ అక్షరాలు రంగు వేసిన కణాల్లా కనిపించాయట. పగలంతా ఇది ఏ కణం, మామూలుదా, చెడ్డదా అని తేల్చే మనిషికి సాయంత్రం ఇది ఏ అక్షరం అని తేల్చడం విశ్రాంతిగా అనిపించిందట. విశ్రాంతి కోసం ముప్ఫై ఏళ్ళు ఇంత చాకిరీ చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు తూర్పు తీరాన ఒక యూనివర్సిటీవాళ్ళు ఆయన సేకరణ తీసుకుంటామన్నారు. కాగితాలు వద్దు, కంప్యూటర్ ఫైళ్ళుగా అయితేనే అన్నారు. ఈలోగా ఇల్లు అమ్మేసి ఆష్‌బర్న్‌లో కూతురి ఇంటికి దగ్గర్లో చిన్న ఫ్లాట్‌కి మారిపోవాలని వాళ్ళావిడ పట్టుబట్టింది. ఆమెను మేమందరం ఆంటీ అనేవాళ్ళం. ఏప్రిల్‌కల్లా బేస్‌మెంట్ ఖాళీ కావాలి. చూపు అంతవరకైనా ఉంటుందో లేదో ఆయనకే తెలియదు.

"ఒక్క కార్డు కూడా వదలొద్దమ్మా," అన్నారు మొదటిరోజే.

"వదలనండీ," అన్నాను.

మంగళ, గురువారాలు మధ్యాహ్నం వెళ్ళేదాన్ని. ఆ లిపికి కంప్యూటర్లో చోటు లేదు, టైపు చేయడానికి వీల్లేదు. అందుకని ఒక్కో కార్డును ఫొటో తీసి, దాని నంబరు, అర్థం, పలికే తీరు, ఏ రాతి మీద కనిపించిందో ఎక్కించేదాన్ని. మోరిన్ అంటే గుర్రం. తస్‌హా అంటే పులి. ఇమాగి అంటే మంచు. బయట మిషిగన్ చలికాలం మొదలైంది. డాక్టరుగారు కిటికీ వైపు తిరిగి "ఇమాగి పడుతోందా?" అని అడిగేవారు. పడుతోందండీ అనేదాన్ని. ఆ మాటను ఆ అర్థంతో వాడుతున్నవాళ్ళం ఆ రాష్ట్రం మొత్తానికి మేమిద్దరమే అయ్యుంటాం.

మా ఆయనకు ఇది నచ్చలేదు. "ఎవరూ మాట్లాడని లాంగ్వేజ్‌కి వాలంటీరింగ్ ఏంటి? ఆ టైమ్‌లో రెజ్యూమే అప్‌డేట్ చేసుకోవచ్చుగా," అన్నాడు.

"అప్‌డేట్ చేయడానికి ఏముందండీ? నిన్నటికీ ఇవాళ్టికీ నాలో ఏం మారింది?" అని కసిరాను. పాపం, ఆయన భయం ఆయనది.

పని చకచకా సాగింది. సాగనిదల్లా బీరువా అడుగున ఉన్న అర. అందులో కార్డులు వింతగా ఉన్నాయి. అక్షరం ఒకటి, పక్కన నంబరు, ఒక ప్రశ్నార్థకం, కొన్నిటి మీద పెన్సిలుతో నాలుగైదు చుక్కలు. అర్థం లేదు, పలికే తీరు లేదు. నేను తయారుచేసిన ఫారంలో అర్థం, ఉచ్చారణ తప్పనిసరి. అవి లేకపోతే సేవ్ కాదు, ఎర్రగా హెచ్చరిక వస్తుంది. పదకొండేళ్ళు నేను జీతం తీసుకున్నదే దీనికి. సగం ఖాళీగా ఉన్న రికార్డు చెత్త. చెత్తను ఏరి పారేస్తేనే డేటా శుభ్రం. నా చేతులకు అలవాటైన ఆలోచన అది, తలదాకా వెళ్ళాల్సిన పని ఉండేది కాదు.

ఆ మంగళవారం డాక్టరుగారు కళ్ళ ఇంజెక్షన్ కోసం వెళ్ళి ఇంకా రాలేదు. మర్నాడు నాకో ఇంటర్వ్యూ ఉంది, త్వరగా పోవాలి. ఆంటీ మెట్ల మీద నిలబడి "అమ్మాయ్, పనికిరానివేమైనా ఉంటే బయట పెట్టేయమ్మా, రేపు రీసైక్లింగ్ రోజు. ఈ కాగితాలతో నా తల ప్రాణం తోకకొస్తోంది," అంది.

కింది అర మొత్తం రెండు కిరాణా సంచుల్లోకి ఎత్తాను. గుప్పెడు గుప్పెడుగా తీశాను. పోతూ పోతూ నేనే సంచుల్ని రోడ్డు పక్కన పెట్టాను. ఒక పని తగ్గిందని హాయిగా కూడా అనిపించింది.

గురువారం డాక్టరుగారు కుర్చీ లాక్కుని బీరువా ముందు కూర్చున్నారు. "ఇవాళ అసలు పని మొదలుపెడదాం," అంటూ కింది అర లాగారు. అర తేలిగ్గా వచ్చేసింది. లోపలికి చెయ్యి పెట్టారు. చెయ్యి లోపలే ఉంచి అడిగారు:

"ఇందులోవి ఏవమ్మా?"

"అవి ఖాళీవి కదండీ. అర్థాలేమీ లేవు. తీసేశాను."

"తీసేసి ఎక్కడ పెట్టావు?"

చెప్పాను. నిన్న పొద్దున లారీ వచ్చి తీసుకెళ్ళిందని కూడా చెప్పాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే ఎంతో బాగుండేది. లేచి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

"చదవగలిగిన అక్షరాలు నాకంటే ముందే పెద్ద పెద్దవాళ్ళు చదివేశారమ్మా. పైనున్న కార్డులన్నీ వాళ్ళ పని, నేను కాపీ చేసుకున్నాను, అంతే. నాది అంటూ ఉన్నది ఆ కింది అరే. నేను ముప్ఫై ఏళ్ళు చూసి చదవలేకపోయినవి. ఎవరికైనా ఇవ్వాలనుకున్నది అవే," అన్నారు.

మళ్ళీ ఆయనే అన్నారు. "ఆసుపత్రిలో అంతుచిక్కని స్లైడును మేం పారేసేవాళ్ళం కాదు. ఒకసారి ఒక స్లైడు నాకు తొమ్మిదేళ్ళ తర్వాత అర్థమైంది. తొమ్మిదేళ్ళూ అది గదిలో అలాగే ఉంది. నేను చదవలేకపోవడం స్లైడు తప్పు కాదు కదా."

అప్పుడు ఆంటీ మెట్లు దిగి వచ్చింది. ఆయన మొహమూ నా మొహమూ చూసింది. "నేనేనండీ పారేయమన్నది. ఆ పిల్లనేం అనకండి," అంది.

అది నిజం కాదు. ఆమె పనికిరానివి పారేయమంది. ఏవి పనికిరానివో తేల్చింది నేను. ఆ మాట చెప్పడానికి నాకు రెండు సెకన్లు చాలు. నోరు తెరవలేదు. ఆంటీ మోసిన నింద ఆమె మీదే ఉండిపోయింది.

తిన్నగా రీసైక్లింగ్ ప్లాంట్‌కి డ్రైవ్ చేశాను. నారింజ కోటు తొడుక్కున్న మనిషి నన్ను జాలిగా చూసి "ఏం పోయాయి, పాస్‌పోర్టులా?" అని అడిగాడు. కార్డులు అన్నాను. క్రెడిట్ కార్డులైతే బ్యాంకుకు ఫోన్ చేసుకొమ్మన్నాడు. ఒక అద్దం దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. లోపల రెండంతస్తుల ఎత్తున కాగితం, దాన్ని ఒక యంత్రం తోస్తోంది. నిన్నటిది ఇప్పటికే కట్టలు కట్టి పంపేశామన్నాడు. కార్లో కూర్చుని అప్పుడు ఏడ్చాను.

మర్నాడు డాక్టరుగారే ఫోన్ చేశారు. "సోమవారం నుంచి రోజూ రాగలవా? వచ్చేటప్పుడు లావుపాటి నల్ల మార్కర్లు కొనుక్కురా."

ఆయన దగ్గర శాసనాల అచ్చుల జిరాక్సులున్నాయి. కింది అరలో చాలా అక్షరాలు వాటిలోంచి ఏరినవే, కానీ ఆ నల్లటి మసకలో ఏ మూల ఏది ఉందో తెలిసింది ఆయనకొక్కరికే. కోడిలా తల పక్కకు తిప్పి, కంటి అంచుతో చూస్తూ, ఆయన పెద్ద కాగితం మీద మార్కరుతో అక్షరం గీసేవారు. కళ్ళతో కాదు, మణికట్టుతో గుర్తుపెట్టుకున్నారు. "ఇది గుడి రాతిమీద, మూడో వరసలో, కిందనుంచి చూడు" అనేవారు. నేను భూతద్దం పెట్టి వెతికేదాన్ని. ఒక్కోటి దొరకడానికి గంట పట్టేది. దొరికాక, ఆయన గీసినదానికీ రాతిమీదిదానికీ ఒక గీత తేడా ఉంటే చెప్పేదాన్ని, ఆయన మళ్ళీ గీసేవారు. మెడలు పట్టేసేవి. ఆంటీ పైనుంచి కాఫీ తెచ్చేది. నా మొహంలోకి చూస్తే తనకు నేనొక మాట బాకీ ఉన్నానని కనిపెట్టేస్తుందేమోనని నేనే తల వంచుకునేదాన్ని.

ఫిబ్రవరి చివర నాకు పార్సిప్పనీలో కాంట్రాక్టు వచ్చింది. మూడు వారాల్లో చేరాలి. మా ఆయన సంతోషంతో స్వీట్లు కొనుక్కొచ్చాడు. నేను లెక్క వేసుకున్నది మాత్రం ఇంకా ఎన్ని అక్షరాలు మిగిలాయనే. శని ఆదివారాలు కూడా వెళ్ళాను. ఆ మూడు వారాల్లో డాక్టరుగారికి పక్కచూపు కూడా మసకేసింది. కాగితం అంచు దాటి మార్కరు బల్ల మీదికి పోయేది. ఆయన గమనించేవారు కాదు, నేను చెప్పేదాన్ని కాదు.

చివరికి పదకొండు మిగిలాయి. వాటికి జిరాక్సు లేదు. ఎవరి ఇంట్లోనో ఒక రాతిముక్క ఫొటో చూసి అప్పటికప్పుడు చేత్తో రాసుకున్నవట. ఆ ఇంటాయన పోయాడు, ఆ ఫొటో ఏమైందో తెలియదు. డాక్టరుగారు మార్కరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. చెయ్యి కదల్లేదు.

"నువ్వు ఇవన్నీ చేత్తో పట్టుకున్నావు కదమ్మా," అన్నారు. "నీ కళ్ళు మంచివి. ఒక్కటైనా గుర్తుందా?"

కళ్ళు మూసుకుని వెతికాను. కిరాణా సంచి గుర్తొచ్చింది, దాని మీద బొమ్మ గుర్తొచ్చింది. చేతినిండా కార్డుల అంచులు గుర్తొచ్చాయి. ఒక్క అక్షరం కూడా లేదు. కళ్ళు కనిపించని ఆయన అన్నేసి అక్షరాల్ని వెనక్కి తెచ్చారు. కళ్ళు కనిపించే నేను ఒక్కదాన్నీ చూడనేలేదు.

"లేదండీ," అన్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"సరే. నంబర్లయినా ఎక్కించు. పదకొండు ఉండేవని తెలియాలి."

ఫారంలో తప్పనిసరి అన్న గుర్తులన్నీ తీసేశాను. పదకొండు నంబర్లు ఎక్కించాను. వ్యాఖ్య రాసే చోట ఏం రాయమంటారని అడిగాను. "అది నీ ఇష్టం," అన్నారు. పారేయాలని తేల్చింది ఆంటీ కాదు నేనేనని ఆయనకు తెలుసని నాకు అప్పుడే అనుమానం. అయినా ఖాళీగా వదిలేశాను. మర్నాడే కారెక్కి న్యూజెర్సీ వెళ్ళిపోయాను.

వాళ్ళు ఆష్‌బర్న్ వెళ్ళారు. ఆయన చూపు ఆ ఏడే పూర్తిగా పోయింది. మొదట్లో ఫోన్ చేసేదాన్ని. తర్వాత కాంట్రాక్టులు, డెడ్‌లైన్లు, పిల్లల కాలేజీ అప్లికేషన్లు. డాక్టరుగారు పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఆంటీకి ఫోన్ చేసి, అసలు మాట ఆరోజైనా చెబుదామనుకున్నాను. ఆమె ముందే "ఆ రోజు నేను ఆ కాగితాలు పారేయమనకుండా ఉండాల్సిందమ్మా, ఆయనకి మనశ్శాంతి లేకుండా చేశాను" అంది. అబద్ధం చెబుతూ చెబుతూ ఆమె దాన్ని నమ్మేసింది. "అలా అనకండి ఆంటీ" అని మాత్రం అన్నాను. ఎక్కువ మాట్లాడే ఓపిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను. మరుసటి ఏడాది ఆమె కూడా పోయింది.

2015లో ఒక మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ చేస్తుంటే ఫోన్. ఆ యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ఒక అమ్మాయి, ఇంగ్లీషులో. రెండో వాక్యానికే మనవాళ్ళ పిల్ల అని తెలిసిపోయింది. అడిగితే వరంగల్ అంది, మాస్టర్స్ చేస్తూ అక్కడే పని చేస్తోందట. పాత సేకరణలన్నీ కొత్త సిస్టంలోకి మారుస్తున్నారట, ఎక్కించినవాళ్ళ నంబరు ఫైల్లో నాది ఉందట.

"మేడం, ఒక డౌట్. పదకొండు రికార్డులల్ల నంబర్ తప్ప ఏం లేదు. ఇమేజ్ లేదు, మీనింగ్ లేదు. అన్నీ నల్, ఖాళీ. డ్రాప్ చేసేద్దామా? డేటా క్లీన్ అయితది."

ఫోర్కు పక్కన పెట్టాను. ఆ పిల్ల తప్పేం లేదు, నేను నేర్చుకున్న పాఠమే తనూ నేర్చుకుంది. కానీ ఆమె అడిగింది. నేను ఆ రోజు అడగలేదు.

"వద్దమ్మా. అవి అలాగే ఉండాలి."

"మరి కామెంట్‌లో ఏమన్న రాయాలె మేడం. లేకుంటే మావోళ్ళు తీసేస్తరు. ఎట్ల మిస్ అయినయి?"

"మిస్ అవలేదు. పదకొండు అక్షరాలు కార్డుల మీద ఉండేవి. ఎక్కించే మనిషి చూడకుండా పారేసింది. అలా రాయి."

టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఎవరు పారేసిన్రు మేడం?"

"నేనే."

"పేరు పెట్టాల్నా?" అంది ఆ పిల్ల, మెల్లగా.

పెట్టమన్నాను. నా పేరు స్పెల్లింగ్ ఒక్కొక్క అక్షరం చెప్పాను. ఆమె అన్నీ రాసుకుని, ఒక్కటీ వదలకుండా, తిరిగి నాకు చదివి వినిపించింది.